క్యూలో నిలబడి నేర్చుకునే కొలువు

తెలుగు పత్రికల్లో దాదాపు రోజూ కనిపించే చిన్న వార్త ఒకటుంది. నాలుగు వాక్యాలకు మించదు. తిరుమలలో ఇన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతోంది, నిన్న ఇంతమంది స్వామిని దర్శించుకున్నారు, ఇంతమంది తలనీలాలు సమర్పించారు.. అంతే. సంపాదకీయం జోలికి వెళ్లనివాళ్లు కూడా ఈ ముక్క మాత్రం చదువుతారు. శ్రీకాకుళంలోనో ఖమ్మంలోనో ఉన్న కుటుంబం ఈ వారమే బయల్దేరాలా, ఇంకో వారం ఆగాలా అన్నది దాన్ని చూసే తేల్చుకుంటుంది. 'కంపార్ట్‌మెంట్లన్నీ నిండి బయట శిలాతోరణం దాకా క్యూ' అని ఉందంటే చంటిపిల్ల తల్లి ప్రయాణం వాయిదా వేసుకుంటుంది.

దీన్ని డిజైన్ అని ఎవరూ అనరు. రంగుల్లేవు, బొమ్మల్లేవు, నొక్కడానికి బటన్ లేదు. కానీ ఒక మనిషి నిర్ణయం తీసుకోవడానికి ఏం కావాలో కనిపెట్టి, అతనికి అర్థమయ్యే కొలతలో, అవసరమైన వేళకి చేతికందించడం.. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మంచి జీతాలిచ్చి చేయించుకునే యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అనే పనిలో అసలు సరుకు అదే. క్లుప్తంగా యూఎక్స్ అంటారు. 'కంపార్ట్‌మెంటు' అన్నది కొలమానమని ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. తెలుగునాట మాత్రం అందరికీ తెలిసిన కొలమానం.

కొండమీద వైకుంఠం క్యూ కాంప్లెక్సు సంగతే చూడండి. రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది దాకా దర్శనం చేసుకునే చోట అందరినీ వరసలో నిలబెడితే ముసలివాళ్ల మోకాళ్లు నిలుస్తాయా? అందుకే అక్కడ క్యూను హాళ్లుగా ముక్కలు చేశారు. హాల్లో కూర్చోవచ్చు, కొంగు పరుచుకుని నడుం వాల్చవచ్చు. పాలు, అన్నప్రసాదం అక్కడికే వస్తాయి. తలుపు తెరిస్తే హాలు మొత్తం ఒక్కసారే కదులుతుంది కాబట్టి మరుగుదొడ్డికి వెళ్లొస్తే చోటు పోతుందన్న బెంగ ఉండదు. డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో ఎదురుచూపుల మనస్తత్వం మీద ఒక వ్యాసం రాశాడు. ఊరికే కూర్చున్న గంట, పనిలో ఉన్న గంటకన్నా పొడుగ్గా తోస్తుందట. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసినదానికన్నా భారమట. ఒంటరిగా ఎదురుచూడటం నలుగురితో ఎదురుచూడటంకన్నా కష్టమట. గోవింద నామాలు చెప్పుకుంటూ పక్కఊరి వాళ్లతో కబుర్లాడుతూ పన్నెండు గంటలు గడిపిన భక్తులకు ఇది కొత్త సంగతేం కాదు!

ఇంత పెద్ద ప్రయోగశాలను పక్కనే పెట్టుకుని, తిరుపతి కుర్రాళ్లు యూఎక్స్ నేర్చుకోవడానికి బెంగళూరు, చెన్నై బస్సెక్కుతున్నారు. వెళ్లడంలో తప్పేమీ లేదు, కొలువులు అక్కడే ఉన్నాయి మరి. అయితే అక్కడికెళ్లి చాలామంది నేర్చుకునేది ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌తో తెరలు గీయడం. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

పనిముట్లకు ఆయుష్షు తక్కువ

యూజర్ ఎక్స్‌పీరియన్స్ అన్న మాటకు పేరు తెచ్చిన అమెరికన్ డాన్ నార్మన్ సైకాలజీ ప్రొఫెసర్. గీత కళాకారుడు కాదు. తలుపును చూస్తే తోయాలో లాగాలో తెలియకపోవడం మనిషి తెలివితక్కువతనం కాదనీ, తలుపు చేసినవాడి లోపమనీ 1988లో ఒక పుస్తకమే రాశాడు. 1993లో యాపిల్‌లో చేరినప్పుడు తన హోదాలోనే ఈ మాటను పెట్టుకున్నాడు. అంటే ఈ వృత్తి పుట్టుకలోనే మనిషిని గమనించడం ఉంది. తెర తర్వాత వచ్చింది.

మన దేశంలో డిజైన్ చదువులకు పునాది వేసిన కథా అలాంటిదే. భారత ప్రభుత్వం ఆహ్వానిస్తే అమెరికా నుంచి ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు వచ్చి దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లను అన్నిటికన్నా మురిపించిన వస్తువు ఏదనుకున్నారు? చెంబు! చంకన పెట్టుకుంటే ఎలా ఇముడుతుంది, నిండుగా ఉన్నప్పుడు బరువెలా నిలుస్తుంది, వంచితే నీళ్లెలా పడతాయి, లోపల చెయ్యి పెట్టి తోమడానికి వీలవుతుందా, పడేస్తే ఎంత వస్తుంది.. ఇలా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. తరతరాల ఆడవాళ్ల చేతుల్లో అరిగి అరిగి కుదిరిన రూపం అది. ఆ నివేదిక వెలుగులోనే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కూ ఒక ఎన్ఐడీ దక్కింది.

పనిముట్ల సంగతికొస్తే.. 2000ల్లో ఊరూరా మల్టీమీడియా ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు వెలిసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫ్లాష్ వచ్చినవాడికి ఉద్యోగం ఖాయమన్నారు. అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లున్నారు. ఆ ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థే మంగళం పాడింది. తెరలు గీయడానికి మొదట ఫొటోషాప్ అన్నారు, 2010లో స్కెచ్ వచ్చింది, ఆ తర్వాత ఫిగ్మా అందరినీ వెనక్కి నెట్టింది. ఫిగ్మాను 2022లో అడోబీ 2 వేల కోట్ల డాలర్లకు కొంటానంది. నియంత్రణ సంస్థలు అడ్డుపడటంతో 2023 డిసెంబరులో బేరం రద్దయింది. ఇప్పుడు ఆ ఫిగ్మాలోనే నాలుగు వాక్యాలు టైపు చేస్తే తెర దానంతటదే తయారైపోతోంది. 2025లో గూగుల్ తెచ్చిన స్టిచ్ కూడా ఆ పనే చేస్తుంది. అంటే పనిముట్టు ఒక్కటే నేర్చుకున్నవాడు పాతికేళ్లలో నాలుగుసార్లు మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాల్సి వచ్చింది. ఐదోసారి కూర్చుందామంటే ఈసారి బెంచీ మీద యంత్రం కూర్చుని ఉంది.

మరి మిగిలేదేమిటి? దానికి జవాబు చిత్తూరు జిల్లాలోనే ఒక మూల దొరుకుతుంది.

కుప్పంలో కెమెరా పట్టిన ఆడవాళ్లు

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ కుప్పాన్ని ఎంచుకుని 'ఐ-కమ్యూనిటీ' పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి నియోజకవర్గం కావడం ఒక కారణం, బెంగళూరుకు దగ్గర కావడం ఇంకో కారణం. కంపెనీ వాళ్లు దాన్ని సజీవ ప్రయోగశాల అని పిలుచుకున్నారు. గ్రామాల్లో సమాచార కేంద్రాలు పెట్టారు, ప్రభుత్వ పథకాల వివరాలూ దరఖాస్తులూ కంప్యూటర్‌లో అందేలా చూశారు. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఇలాంటివి దేశంలో చాలాచోట్ల జరిగాయి, చాలావరకు మరుగున పడ్డాయి.

వీటన్నిటిలో ఇప్పటికీ చెప్పుకోదగ్గది మాత్రం ఫొటోల వ్యవహారం. పల్లెల్లో తిరిగినప్పుడు బయటపడిన సంగతి ఏమిటంటే, ఏ కార్డు కావాలన్నా, ఏ పథకానికి పెట్టుకోవాలన్నా పాస్‌పోర్టు సైజు ఫొటో అతికించాలి. ఫొటో దిగాలంటే పట్నం పోవాలి. బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి పోవడం, చంకలో బిడ్డతో ఎండలో తిరగడం.. ఫొటో ఖరీదు స్టూడియో వాడు అడిగే రూపాయలు కావు, ఇవన్నీ కలిపితే అయ్యేది. కంప్యూటర్‌తో పల్లెను మార్చేద్దామని వచ్చినవాళ్లకు పల్లె చూపించిన అవసరం అంత చిన్నది.

దానికి వాళ్లు చేసింది.. డిజిటల్ కెమెరా, చేతిలో పట్టే చిన్న ప్రింటరు, కరెంటు లేకున్నా నడవడానికి సౌరఫలకం, అన్నీ భుజానికి తగిలించుకునేలా ఒక సంచీ. దాన్ని స్వయం సహాయక సంఘాల్లోని కొందరు మహిళలకిచ్చి శిక్షణనిచ్చారు. అంతకుముందు కెమెరా ముట్టుకోని ఆడవాళ్లు పల్లె ఫొటోగ్రాఫర్లయ్యారు. కార్డుల ఫొటోలతో మొదలెట్టి పెళ్లిళ్లు, పేరంటాలు, పుట్టినరోజులు, సంఘం మీటింగులు తీయడం మొదలుపెట్టారు. ఇంట్లోకి నాలుగు రూపాయలు వచ్చాయి. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ 2003లో కుప్పం ప్రాజెక్టు మీద వ్యాసమే వేసింది.

ఆ సంచీలో ఉన్న వస్తువుల్లో ఒక్కటీ కొత్తగా కనిపెట్టింది కాదు. కెమెరా ఉంది, ప్రింటరుంది, సోలార్ ప్యానెల్ ఉంది. కొత్తది మూడింటినీ ఎవరి భుజం మీద పెట్టాలో తెలుసుకోవడం. ఆడపిల్లను ఫొటో తీయడానికి మగ ఫొటోగ్రాఫర్ గడప దాటి లోపలికి రాలేని ఇళ్లలోకి సంఘం ఆవిడ నేరుగా వంటింట్లోకే వెళ్లగలదు. ఆ ముక్క ల్యాబులో కూర్చుంటే తట్టదు.

రెండో పాఠం కూడా అక్కడే ఉంది, దాన్ని ఎవరూ అంత ఇష్టంగా చెప్పుకోరు. మూడేళ్ల గడువు ముగిశాక కంపెనీ పక్కకు తప్పుకుంది. ప్రింటరుకు ఇంకు, ఫొటో కాగితం అయిపోతే ఎక్కడ కొనాలి? చెడిపోతే ఎవరు బాగుచేయాలి? ఆ తర్వాత కెమెరా ఫోన్లొచ్చి ఆ అవసరాన్నే మార్చేశాయి. డిజైనర్ గీసిన బొమ్మలో 'ప్రాజెక్టు అయిపోయాక' అన్న పేజీ సాధారణంగా ఉండదు. ఉద్యోగానికి వెళ్లిన కుర్రాళ్లు తమ పనుల చిట్టాలో ఆ ఒక్క పేజీ పెట్టి చూపిస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఒత్తులు తెగిన బటన్లు

తెలుగువాడికి ఈ వృత్తిలో పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది. తెలుగు. దాన్ని ఆస్తిగా లెక్కేసేవాళ్లు తక్కువ.

ఇంగ్లిష్ అక్షరాల కొలతకు చేసిన పెట్టెలో తెలుగు పెడితే ఏమవుతుందో ఫోన్లో చూడనివాళ్లుండరు. పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు.. మన రాతకు నిలువునా చోటు ఎక్కువ కావాలి. అది ఇవ్వకపోతే 'స్త్రీ'లో సగం ఎగిరిపోతుంది, 'శ్రీకాళహస్తి'లో తకారం కుంటిదవుతుంది. అడ్డంగానూ ఇబ్బందే. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల మాట తెలుగులోకి వచ్చేసరికి రెండింతలై బటన్ దాటి బయటికి వేలాడుతుంది. 2018 ఫిబ్రవరిలో అయితే ఇది ప్రపంచ వార్తయింది. 'జ్ఞా' అక్షరాన్ని ఒక రకంగా కూర్చి మెసేజ్ పంపితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ హడావుడిగా 11.2.6 అనే కొత్త వెర్షన్ విడుదల చేసి దిద్దుకుంది. జ్ఞానంలోని అక్షరమే యాపిల్‌ను తడబెట్టిందని అప్పట్లో తెలుగువాళ్లు బాగా నవ్వుకున్నారు. ఆ ఫోను విడుదలకు ముందు ఆ అక్షరాన్ని అన్ని రకాలుగా కొట్టి చూసిన తెలుగువాడు ఒక్కడుంటే ఆ నవ్వు ఉండేది కాదు.

మాటల ఎంపిక మరో తంటా. సబ్మిట్ అన్న బటన్‌కు 'సమర్పించు' అని రాస్తారు. తిరుపతిలో సమర్పించేవి తలనీలాలు, ముడుపులు! దరఖాస్తును 'పంపండి' అంటే ఏం పోయింది? లేదూ, సబ్మిట్ అనే తెలుగులో రాస్తే అందరికీ అర్థమవుతుంది. యంత్రం చేసే అనువాదం నిఘంటువు నుంచి మాట తెస్తుంది, వీధిలోంచి తేలేదు. తెలుగులో చూపించే ప్రతి యాప్‌కూ వీధి తెలిసిన మనిషి ఒకరు కావాలి.

పేర్ల గడుల గురించి చెప్పుకుంటే చాంతాడంత. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి, రెండూ నింపందే ముందుకు పోనివ్వదు తెర. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడు సరిహద్దు పల్లెల్లో కొందరికి తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇంటిపేరు స్థానంలో ఉంటుంది. మునెమ్మకు ఇంటిపేరు ఏ కాగితంలోనూ లేకపోతే నెట్ సెంటర్ కుర్రాడు రెండు గడుల్లోనూ మునెమ్మ అనే కొడతాడు. ఆధార్‌లో ఒక మునెమ్మ, బ్యాంకులో ఇద్దరు మునెమ్మలు. డబ్బు మధ్యలో ఆగిపోతుంది. గడి గీసినవాడు కాలిఫోర్నియాలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా పింఛను ఆగేది మాత్రం ఆమెకే.

ఫోను పట్టేది వేరొకరు

యూఎక్స్ పుస్తకాలు చాలావరకు ఒక మనిషి, ఒక ఫోను అన్న లెక్కతో రాసినవి. ఇక్కడ లెక్క వేరు. మీసేవ కేంద్రంలో కిటికీకి అటుపక్క ఆపరేటర్, ఇటుపక్క అవ్వ. మట్టిపనికి అరిగిన వేళ్లు కావడంతో యంత్రం ముద్ర పట్టదు. "నైనా, నా యేలిముద్ర పడలేదంటాండారు, రవంత చూడు" అంటుంది. "ఇంకో వేలు పెట్టవ్వా.. గట్టిగా వద్దు, మెత్తంగా" అంటాడు అతను. ఆ తెర గీసినవాడి దృష్టిలో వాడకందారు ఎవరు? ఆపరేటరా, అవ్వా? తెర ఆపరేటర్ వైపు తిరిగి ఉంటుంది. తప్పు జరిగితే ఎర్రటి ఇంగ్లిష్ అక్షరాలు అతనికి కనిపిస్తాయి, నష్టం ఆమెకు జరుగుతుంది.

ఇలా మధ్యలో మరో మనిషి ద్వారా జరిగే వాడకం మీద బెంగళూరులో పనిచేసిన పరిశోధకులు 2010లోనే అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పించారు. అదే బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకు చెందిన ఇంద్రాణి మేధి, చదువురాని ఇళ్ల పనివారి కోసం అక్షరం లేని తెరలు తయారుచేశారు. ఆమె పనిలో తేలిన విషయాల్లో ఒకటి.. అసలు ఈ పెట్టె ఎందుకు, దీనివల్ల తమకేం ఒరుగుతుందో మొదట ఒక చిన్న వీడియో కథలా చూపిస్తే తప్ప బొమ్మలెంత బాగున్నా వాళ్లు ముందుకు రాలేదు.

తిరుపతిలో ఇది రోజూ కళ్లముందే జరుగుతుంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను ప్రతి నెలా ఆన్‌లైన్‌లో తెరుస్తారు. ఆ ఉదయం నెట్ సెంటర్లలో ముందుగానే పేర్లు, ఆధార్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకుని కూర్చుంటారు. ఇంట్లో డిగ్రీ చదివే కూతురు అమ్మానాన్నలకూ మేనత్తకూ పక్కింటివాళ్లకూ కలిపి కొడుతుంది. వేల టికెట్లు చూస్తుండగానే ఐపోతాయి. ఒక్క గడి తప్పు నింపితే వరస మొదటికొస్తుంది. ఏ గడి దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయారో ఒక నెల రోజులు నెట్ సెంటర్ మూల కూర్చుని రాసుకున్న విద్యార్థికి, లక్షన్నర ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికన్నా ఎక్కువే తెలుస్తుంది.

ఇది జీతాల గొడవ మాత్రమే కాదనడానికి ఒక తేదీ చాలు. 2025 జనవరి 8. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మర్నాడు తెల్లవారుజామున ఇస్తామని ప్రకటించడంతో తిరుపతిలోని కౌంటర్ల దగ్గరికి ముందురోజే జనం వచ్చేశారు. రాత్రి బైరాగిపట్టెడ దగ్గర పార్కులో ఉంచిన జనం గేటు తెరవగానే టోకెన్లు ఇస్తున్నారనుకుని తోసుకొచ్చారు. తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు, పదులసంఖ్యలో గాయపడ్డారు. గేటు ఎందుకు తెరుచుకుందో లోపలివాళ్లకు తెలియదు. తెలియజేసే మాట ఏదీ వాళ్లకు చేరలేదు. కొండపైన కంపార్ట్‌మెంట్ ఇచ్చే ధీమా, 'నీ వంతు నీకుంది' అన్న నమ్మకం, కొండ కింద ఆ రాత్రి లేదు.

ఏడాది తిరక్కుండానే పద్ధతి మార్చారు. 2025 డిసెంబరు 30న మొదలైన వైకుంఠ ద్వార దర్శనాలకు మొదటి మూడు రోజుల టోకెన్లను ఎలక్ట్రానిక్ డిప్ ద్వారా ఇచ్చారు. ముందుగా వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో, ప్రభుత్వ వాట్సప్ సేవ 'మన మిత్ర'లోనో పేరు నమోదు చేసుకుంటే లాటరీలో తీస్తారు. డిజైన్ కళ్లతో చూస్తే ఇందులో అసలు మార్పు వాట్సప్ కాదు. మొదట వచ్చినవాడికే అన్న సూత్రం తీసేయడం. ముందు నిలబడినందువల్ల లాభం లేదని తెలిస్తే తోసుకోవాల్సిన పని ఉండదు. అయితే ఫోను లేని మనిషి పేరు ఆ డిప్పులో ఉండదు కదా? మిగిలిన రోజుల్లో నేరుగా క్యూలోకి రానివ్వడం దానికి కొంత జవాబు. పూర్తి జవాబు ఇంకా ఎవరో ఒకరు కనిపెట్టాల్సే ఉంది.

మొదటి మెట్టు మీద దెబ్బ

ఇక ఉద్యోగాల మాట. పిల్లల్ని ఈ దారిలో పంపాలనుకునే తల్లిదండ్రులకు తీపి మాటలు చెప్పి లాభం లేదు. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని ఇంటికి పంపినప్పుడు వాళ్లలో డిజైనర్లూ ఉన్నారు. ఆ వెంటనే కృత్రిమ మేధ వచ్చి పడింది. కొత్తగా చేరినవాళ్లకు అప్పగించే పనులే.. తెరలు గీయడం, ఒకే తెరను పది సైజుల్లో మార్చడం, బటన్ల మీద మాటలు రాయడం.. యంత్రం ముందుగా లాక్కుంటోంది. పైమెట్టుకు పోవాలంటే ఎక్కాల్సిన మొదటి మెట్టే కదులుతోంది. పేరున్న ఫుడ్ డెలివరీ యాప్‌ను తిరగ్గీసి దాన్నే తన పనితనంగా చూపించేవాళ్లు ఒక్కో నోటిఫికేషన్‌కు వందల్లో వస్తున్నారు. ఆ యాప్ కంపెనీకే అది అక్కర్లేదు.

పెరుగుతున్న పని లేకపోలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి చూపించమంటే, యాసిడ్ దాడిలో కళ్లు పోగొట్టుకున్న మనిషి ఏం చేయాలి? డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చి, ఆ పద్ధతులు మార్చమని ఆదేశించింది. చూపులేనివాళ్లకు, వినపడనివాళ్లకు, చెయ్యి వణికే వృద్ధులకు పనికొచ్చేలా తెరలు దిద్దే పని దీంతో బ్యాంకులకూ ప్రభుత్వ శాఖలకూ తప్పనిసరి బాధ్యతగా మారుతోంది. దాన్ని కుర్చీలోంచి చేయలేరు. ఇక మాటతో నడిచే యంత్రాలొస్తే చిత్తూరు యాస, తమిళం కలిసిన తెలుగు, కన్నడం కలిసిన కుప్పం తెలుగు వాటికి ఎక్కించడానికి ఎవరు కావాలో వేరే చెప్పాలా!

చదువు దారులు చాలా ఉన్నాయి. ఇంటర్ తర్వాత యూసీడ్ రాసి ఐఐటీల్లో డిజైన్ డిగ్రీ, ఎన్ఐడీల ప్రవేశ పరీక్ష.. ఇవి రాజమార్గాలు, సీట్లు తక్కువ. అవి దొరక్కపోతే అన్నీ అయిపోయినట్టు కాదు. నార్మన్ వచ్చింది సైకాలజీ నుంచి. ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ చదివేవాళ్లకు ఇది కూడా ఒక కొలువని చెప్పేవాళ్లు కరువు. తెలుగు ఎమ్మే చదివినవాళ్లకు తెర మీద మాటలు రాసే పని ఉందని అంతకన్నా తెలియదు. ఒక్కటి మాత్రం మొదలెట్టే ముందే తేల్చుకోవాలి. బస్టాండులో తమిళ, కన్నడ, హిందీ యాత్రికులు ఏ బోర్డు దగ్గర ఆగి ఎవరిని దారి అడుగుతున్నారో రెండు గంటలు చూస్తూ నిలబడే ఓపిక ఉందా? విసుగొస్తే ఇది వాళ్ల వృత్తి కాదు.

చిత్తూరు వైపే చేయాల్సిన పని కొండంత ఉంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు కిలోమీటర్ల పొడవున బారులు తీరాయి. ఎండలో కాయ మెత్తబడుతుంటే రైతులు ట్రాక్టర్ల కిందే పడుకున్నారు. కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలిపి 12 రూపాయలు దక్కేలా చూస్తామంది. ధర సంగతి డిజైనర్ చేతిలో లేదు. కానీ ఆ బారులో ఉన్న రైతుకు కావాల్సిన సమాచారం ఒకటుంది. ఏ ఫ్యాక్టరీలో ఇవాళ ఎన్ని టన్నులు దించుకుంటారు, తన ముందు ఎన్ని బండ్లున్నాయి? కొండమీద కంపార్ట్‌మెంట్ల లెక్క పొద్దున్నే పేపర్లో వచ్చినట్టు ఈ లెక్క రాదు. తోటలో ఉన్న రైతు ఫోనులో అడిగేది ఒక్క ప్రశ్నే. "కాయ కోసేయమంటావా, రేపటి దాకా ఆగమంటావా?"